గారె చెవి, అప్పడం చెవి

ప్రశ్న: మాది చెన్నై, కొళత్తూరు. ఏటా దసరా బొమ్మల కొలువుకి కాగితం గుజ్జుతో బొమ్మలు చేస్తాను. పిల్లల చేతిలోంచి జారితే పగిలిపోతున్నాయి. ఈసారి సిలికాన్ అచ్చు తీసుకున్నాను. లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ బొమ్మల కోసం, రెండు దిక్కులా తిరిగే మిషన్ని మావారి పాత సైకిల్ సామానుతో కట్టుకోవచ్చా? ప్లాస్టిక్ పొడి పోసి వంటింటి కరెంటు ఒవెన్ (ఓటీజీ)లో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: కట్టుకోవచ్చమ్మా. ఓటీజీ మాత్రం వద్దు. మిద్దె మీద నీళ్ల ట్యాంకులు చేసేది పాలిథిన్ పొడితోనే. కానీ దానికి రేకు అచ్చు కావాలి, అచ్చు తిరుగుతూనే 250 డిగ్రీలు దాటిన పొయ్యిలో కాలాలి, వేడికి ఉబ్బే గాలి పోవడానికి సన్న గొట్టమూ ఉండాలి. అది ఇంట్లో పని కాదు. మీ సిలికాన్ అచ్చుకి రెండు సీసాల్లో విడివిడిగా వచ్చే పాలీయూరితేన్ రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) సరిపోతుంది. కలిపి పోస్తే పొయ్యి లేకుండానే గట్టిపడుతుంది.

మిషన్ అంటే తిరిగే బయటి ఫ్రేములో అడ్డంగా తిరిగే లోపలి ఫ్రేము, అందులో అచ్చు. అది చేసే పని మీకు తెలిసిందే. ఆప్పం చట్టిని చేత్తో తిప్పితే పిండి అంచులకు పాకుతుంది చూడండి, అంతే. అందుకే నెమ్మదిగా తిరగాలి, నిమిషానికి పది చుట్లు చాలు. వేగం పెంచితే రెజిన్ ఒక పక్కకి విసిరేసినట్టు పోతుంది.

అంబత్తూరులో అచ్చుల షాపులో పనిచేసే రోజుల్లో నేను కట్టిన మొదటి మిషన్‌కి రెండు పళ్లచక్రాలూ ఒకే సైజువి వేశాను. బయటి ఫ్రేము ఒక చుట్టు, లోపలిది ఒక చుట్టు. రెజిన్ ప్రతిసారీ అదే దారిన పోయింది. వినాయకుడి ఒక చెవి గారెలా వచ్చింది, రెండోది అప్పడంలా. దీపం ముందు పెడితే వెనకనున్న నా వేలు కనిపించింది.

సైకిల్ సామానుతో ఆ బాధ తప్పుతుంది. పెడల్ దగ్గరి పెద్ద పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఉండే చిన్న పళ్లచక్రానికి, అంటే ఫ్రీవీల్‌కి, 18 ఉన్నాయేమో లెక్కపెట్టండి. పెద్దదాన్ని స్టాండుకి కదలకుండా బిగించండి. బయటి ఫ్రేము ఇరుసు దాని మధ్యలోంచి వెళ్లాలి. ఫ్రీవీల్‌ని ఆ ఫ్రేము మీదే చిన్న ఇరుసుకి ఎక్కించి రెండింటికీ చైను వేయండి. అక్కణ్నుంచి సమానమైన పళ్లున్న బెవెల్ గేర్ల (అడ్డంగా ఉన్న రెండు ఇరుసుల్ని కలిపే ఏటవాలు పళ్లచక్రాల) జతతో లోపలి ఫ్రేముకి మలుపు ఇవ్వాలి. పుదుపేట పాత సామాన్ల కొట్లలో వెతకండి. అప్పుడు బయటిది 9 చుట్లు తిరిగితే లోపలిది 22 తిరుగుతుంది, అచ్చు మొదటి చోటికి వచ్చేది ఆ తర్వాతే. ఫ్రీవీల్‌ని వెల్డింగ్ పెట్టించడం మరచిపోవద్దు, లేకపోతే ఒకవైపు జారుతుంది.

మోటారు తర్వాత చూసుకోవచ్చు, ముందు చేతి పిడి పెట్టండి.

రెజిన్ ఎంత? బొమ్మకి పాత పేపరు ముక్కలు అంటించి, ఊడదీసి నేల మీద పరిచి కొలవండి. 600 చదరపు సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, రెండున్నర మిల్లీమీటర్ల మందానికి 150 మిల్లీలీటర్లు. ఒకేసారి కాకుండా మూడు పోతలుగా పోయండి.

ఇంకో సంగతి. కొలువు అయ్యాక మనకి వానలు. ఒక నవంబరులో మూత సరిగా పెట్టని సీసాతో పోత పోశాను. తేమకి రెజిన్ నురగ కట్టి, బొమ్మ ముక్కు నిండా బుడగలు. మూత తీసిన సీసాని వెంటనే మూసేయండి. రెజిన్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. రసాయనాల ఆవిరికి వాడే కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లౌజులు వేసుకుని వరండాలోనో మిద్దె మీదో చేయండి.

రెజిన్ కొనకముందు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో గరిటెడు మైదా జావ పోసి, గట్టిగా మూసి, అచ్చు పెట్టే చోట కట్టి తిప్పండి. జావ తగలని మూల కనిపిస్తే డబ్బాని కాస్త ఏటవాలుగా కట్టి మళ్లీ తిప్పి చూడండి.