రద్దీ లేదు, అయినా వెబ్‌సైట్ తెరుచుకోదు

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు చిన్న లాడ్జి ఉంది. గదుల బుకింగ్ వెబ్‌సైట్‌ను అద్దె సర్వర్‌లో, అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద, కొన్నేళ్లుగా నడుపుతున్నాం. బ్రహ్మోత్సవాల ముందు రెండు సాయంత్రాలు సైటు తెరుచుకోలేదు. ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీగానే ఉంది. ఆ సమయంలో యాక్సెస్ లాగ్‌లో (సైటుకు వచ్చిన అభ్యర్థనల చిట్టాలో) ఒక్క వరుసా పడలేదు గానీ, ఆ తరువాత 408 అనే సంఖ్యతో వందల వరుసలు కనిపించాయి. మెమరీ పెంచుకోమని సర్వర్ చూసే అబ్బాయి అంటున్నాడు. పెంచమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మెమరీకి డబ్బు పెట్టకండి. మీరు చెప్పిన గుర్తులు 2009లో రాబర్ట్ హాన్సెన్ బయటపెట్టిన స్లోలోరిస్ అనే దాడికి సరిపోతున్నాయి. బ్రౌజర్ ఒక పేజీని అడిగేటప్పుడు హెడర్లనే కొన్ని వరుసలు పంపి, చివర ఒక ఖాళీ వరుసతో అడగడం ముగించానని తెలియజేస్తుంది. ఆ ఖాళీ వరుస అందేవరకు అపాచీ తన వర్కర్లలో (అభ్యర్థనలకు జవాబిచ్చే పనివాళ్లలాంటి ప్రోగ్రాములలో) ఒకదాన్ని ఆ కనెక్షన్‌కే కట్టిపెడుతుంది. దాడి చేసేవాడు ఆ వరుసను పంపనే పంపడు. గడువు తీరబోయే ముందల్లా అర్థం లేని ఒక్క హెడర్ విసిరి లెక్కను మళ్లీ మొదటికి తెస్తాడు. మీ కౌంటర్ దగ్గర ఒకాయన రిజిస్టరులో తన పేరును పావుగంటకొక అక్షరం చొప్పున రాస్తూ కలం వదలకపోతే, పైన గదులన్నీ ఖాళీగా ఉన్నా వెనక నిలబడ్డ యాత్రికుడికి తాళంచెవి అందదు కదా, ఇదీ అంతే. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వర్కర్‌ను కేటాయించే ప్రీఫోర్క్ పద్ధతిలో అపాచీకి మామూలుగా ఉండే వర్కర్లు 256 మాత్రమే కనుక, వాటన్నిటినీ పట్టి ఉంచడానికి ఒక ఇంటి కంప్యూటర్ చాలు. వర్కర్లు చేసేది ఎదురుచూపే కాబట్టి ప్రాసెసర్‌కు పని ఉండదు. అభ్యర్థన ముగిస్తే తప్ప యాక్సెస్ లాగ్‌లో వరుస పడదు. అభ్యర్థన సకాలంలో పూర్తిగా అందలేదని చెప్పే సంకేతమే 408.

(స్లో లోరిస్ అంటే మన శేషాచలం అడవుల్లో రాత్రిపూట తిరిగే దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టం. పేరు పెట్టినవారికి దాని నడక బాగా తెలిసే ఉంటుంది.)

ముందుగా ఎర్రర్ లాగ్‌లో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ అనే వర్కర్ల సంఖ్య పరిమితి నిండిందన్న హెచ్చరిక ఉందేమో చూడండి. ఆ సంఖ్యను పెంచమని అదే హెచ్చరిక సలహా ఇస్తుంది గానీ, ఈ సందర్భంలో అది పనికిరాని సలహా: మీరు 500 పెడితే దాడి చేసేవాడు 500 కనెక్షన్లు తెరుస్తాడు. అసలు మందు, అభ్యర్థన అందడానికి గడువు పెట్టే మాడ్-రిక్‌టైమౌట్ అనే అపాచీ మాడ్యూల్. అపాచీ 2.2.15 నుంచి ఇది అందుబాటులో ఉంది. 2.4లో దీని సహజ అమరిక ప్రకారం హెడర్లకు మొదట 20 సెకన్లు దొరుకుతాయి, ప్రతి 500 బైట్లకు ఒక సెకను కలుస్తుంది, ఎంత పంపినా 40 సెకన్లు దాటదు. అయితే పాత కాన్ఫిగరేషన్ ఫైలునే ఏళ్ల తరబడి మోసుకొస్తున్న సర్వర్లలో ఆ మాడ్యూల్ లోడ్ కాకుండా ఉండిపోవచ్చు. మీ విషయంలో నా అనుమానం ఇదే. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వర్కర్‌ను కట్టిపెట్టని ఇంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను అపాచీ ముందు నిలబెట్టడం మరో మంచి మార్గం.

ఒక్కో ఐపీ చిరునామాకు ఇన్ని కనెక్షన్లే అని ఫైర్‌వాల్‌లో హద్దు పెట్టవచ్చు. కానీ దాన్ని మరీ బిగించకండి, మొబైల్ నెట్‌వర్కులలో ఎందరో వినియోగదారులు ఒకే చిరునామా వెనక ఉంటారు.