చైనా వాళ్లు తీసిన ‘త్రీ బాడీ’ సిరీస్ చూడొచ్చా? చూసినవాళ్లు ఏమంటున్నారు?

నవల చదివినవాళ్లకు బాగా నచ్చింది. లియు సిషిన్ రాసిన ఈ సైన్స్ ఫిక్షన్ కథను చైనా కంపెనీ టెన్సెంట్ 2023 జనవరిలో 30 ఎపిసోడ్లుగా, దాదాపు పుస్తకంలో ఉన్నట్టే తెచ్చింది. చిక్కల్లా అక్కడే: మధ్యలో సాగదీశారని చాలామంది విసుక్కున్నారు. కథలో పాత్రలు ఆడే వర్చువల్ రియాలిటీ గేమ్ లోపలి గ్రాఫిక్స్ కూడా తేలిపోయాయి. పోలీసు షి చియాంగ్‌గా చేసిన నటుడు యూ హెవెయ్‌ని మాత్రం విసుక్కున్నవాళ్లూ మెచ్చుకున్నారు. నాకూ అతనే గుర్తుండిపోయాడు.

ఇంకో ఫిర్యాదు, కథకు మూలమైన సాంస్కృతిక విప్లవం (1966-76లో చైనాలో మావో నడిపిన ఉద్యమం) నాటి హింసను బాగా తగ్గించేశారని. 2024లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ వెర్షన్ ఆ ఘట్టంతోనే మొదలవుతుంది, కానీ 8 ఎపిసోడ్లలో పరుగులు పెడుతుంది. ఓపికుంటే చైనీస్‌దే చూడండి, పనామా కాలువ సీన్ కోసమైనా.