ఓడ సంగతి సరే, చుట్టాలిళ్ల సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం ఒంగోలులో ఉంటాం. పాపకు నాలుగున్నరేళ్లు, బాబుకు 14 నెలలు. మే చివర్లో చెన్నై నుంచి రెండు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. చెన్నై దాకా కారులో వెళ్తాం. ఓడ దిగాక నెల్లూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో రెండు రోజులు, ఆ తర్వాత కనిగిరి దగ్గర మా పుట్టింట్లో ఒక వారం ఉండి వద్దామని ఆలోచన. పాపకు కారెక్కితే వాంతులు. ఓడలో ఎలా ఉంటుందోనని టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు ‘పిలకాయలకు సముద్రం గాలి పడదు, జలుబు చేసి జ్వరం పట్టుకుంటది, మానుకోండి’ అంటున్నారు. బాబు ఇంకా నా పాలు తాగుతున్నాడు. ప్రయాణంలో ఇబ్బంది పడతావు, ఈలోపు మాన్పించెయ్యమని కొందరు చెబుతున్నారు. అసలు వెళ్లొచ్చా? ఏ మందులు దగ్గర పెట్టుకోవాలి?
– ఒక తల్లి, ఒంగోలు

డాక్టర్ సలహా (పిల్లల వైద్య నిపుణులు, నెల్లూరు):

నిక్షేపంగా వెళ్లిరండమ్మా. ఈ వయసు పిల్లలకు ఓడ ప్రయాణం వద్దనడానికి కారణం ఏమీ లేదు. ఆరు నెలల లోపు పసిపిల్లలను చాలా క్రూయిజ్ కంపెనీలే ఎక్కించుకోవు. మీ బాబు ఆ వయసు దాటేశాడు. అత్తగారికి కూడా నా మాటగా చెప్పండి: జలుబు గాలి వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ సముద్రం మీద నుంచి కాదు, పక్కన తుమ్మే మనిషి నుంచి వస్తుంది.

మీ ఉత్తరం చూస్తే భయమంతా ఓడ మీదే ఉంది, చుట్టాలిళ్లకు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేనైతే దాన్ని తిరగేస్తాను. వేసవి సెలవుల్లో మా దగ్గరకు వాంతులు, విరేచనాలతో వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఊళ్లు తిరిగొచ్చినవాళ్లే. ఓడలో రెండు రాత్రులే ఉంటారు, అక్కడ మీ కళ్లెప్పుడూ పిల్లల మీదే ఉంటాయి. పుట్టింటికి వెళ్లాక ‘మనిల్లే కదా’ అని మీరూ కాస్త నడుం వాలుస్తారు, పిల్లలను పదిమంది చూస్తుంటారు. పదిమంది చూసే పిల్లలను నిజానికి ఎవరూ చూడరు.

ముందు పాప వాంతుల సంగతి. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగానికి కదలిక తెలుస్తుంటుంది, కళ్లకేమో ఎదురుగా ఉన్న సీటు కదలకుండా కనిపిస్తుంది. ఈ రెండూ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు, కాబట్టి బాబు గురించి బెంగ వద్దు. పెద్ద ఓడలకు ఊగుడు తగ్గించే స్టెబిలైజర్లు ఉంటాయి. అందువల్ల పాపకు అసలు కష్టం ఓడలో కంటే ఒంగోలు నుంచి చెన్నై దాకా హైవే మీద వెళ్లే దాదాపు 300 కిలోమీటర్లలోనే ఎక్కువ. తెల్లవారుజామున బయల్దేరండి. పాప నిద్రలోనే నెల్లూరు దాటేస్తుంది, ఎండా తగలదు. ఖాళీ కడుపుతో కూర్చోబెట్టొద్దు, గ్లాసు నిండా పాలు పట్టించి కూడా కూర్చోబెట్టొద్దు. ఒకటో రెండో ఇడ్లీలు చాలు. ఫోన్ మాత్రం చేతికివ్వొద్దు. బండిలో ఫోన్ చూసే పిల్లలకే వాంతులు ఎక్కువ. కిటికీలోంచి దూరంగా చూపిస్తూ కబుర్లు చెప్పండి. నిమ్మకాయ వాసన చూపిస్తే నష్టమేమీ లేదు, దాని మీదే ఆధారపడకండి. ఓడలో గది ఇంకా ఖరారు కాకపోతే కింది అంతస్తుల్లో, ఓడ మధ్య భాగంలో అడగండి. అక్కడ ఊగుడు తక్కువ.

మందు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో వాంతులకని ఉండే ఆన్‌డాన్‌సెట్రాన్ సిరప్ కడుపు పాడైనప్పుడు వచ్చే వాంతులకు పనికొస్తుంది కానీ ప్రయాణపు వాంతులకు పెద్దగా పనిచేయదు. డోమ్‌పెరిడోన్ కూడా అంతే. ప్రయాణానికి వాడే మందులు వేరే ఉన్నాయి, వాటితో మగత వస్తుంది. పెద్దవాళ్లు బస్సెక్కే ముందు వేసుకునే మాత్రను విరిచి పిల్లలకు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. వాటిలో ప్రొమెథజైన్ ఉన్నదాన్ని రెండేళ్ల లోపు పిల్లలకు అస్సలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పాపకు ఏది, ఎంత అన్నది బరువు చూసి మీ పిల్లల డాక్టరే రాయాలి. రాయించుకున్న మందును ప్రయాణానికి అరగంట నుంచి గంట ముందు ఇవ్వాలి, వాంతి మొదలయ్యాక ఇస్తే కక్కేస్తారు. ఇంకో సంగతి, కొందరు పిల్లలు ఈ మందుతో నిద్రపోవడానికి బదులు రెచ్చిపోయి గంతులేస్తారు. అందుకే డాక్టరును అడిగి, ప్రయాణానికి వారం ముందు ఇంట్లో ఉన్న రోజున ఒకసారి వేసి చూడండి.

కారులో బాబును ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ నేరుగా బాబుకే తగులుతుంది. వెనక సీట్లో చైల్డ్ సీటు బిగించి కూర్చోబెట్టండి.

ఓడలో నేను చూడమనేవి మూడే. మొదటిది చేతులు. మూసిన చోట వందల మంది ఒకే బఫేలో తినేటప్పుడు నోరోవైరస్ అనే వాంతుల వైరస్ తేలిగ్గా పాకుతుంది. దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లతో 20 సెకన్లు రుద్ది కడగాల్సిందే. పిల్లలకు పొగలు కక్కే వేడి పదార్థాలు పెట్టండి, ఎప్పుడో కోసి పెట్టిన పండ్ల ముక్కలు వదిలేయండి. రెండోది స్విమ్మింగ్ పూల్. నీళ్లలో మునిగే పసిబిడ్డ సినిమాల్లోలా చేతులాడించి అరవదు, చప్పుడు లేకుండా మునిగిపోతుంది. పూల్ దగ్గర ఎవరు పిల్లలను చూస్తున్నారో మీ ఇద్దరిలో పేరు పెట్టి చెప్పుకోండి, చూసేవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. డైపర్ వేసిన పిల్లలను చాలా ఓడల్లో పూల్‌లోకి రానివ్వరు, కాబట్టి బాబుకు ఆ ఆశ పెట్టుకోకండి. మూడోది బాల్కనీ. కుర్చీలు గది లోపలికి తెచ్చేసి తలుపు గడియ వేసి ఉంచండి. నాలుగున్నరేళ్ల పిల్లకు కుర్చీ దొరికితే రెయిలింగ్ ఎక్కడం నిమిషం పని. ఎక్కగానే పిల్లల సైజు లైఫ్ జాకెట్లు అడిగి చూసుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు కానీ ఫీజు విడిగా, బాగానే ఉంటుంది.

ఇక చుట్టాలిళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మీరు వెళ్లేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నెల్లూరు నుంచి కనిగిరికి మధ్యాహ్నం పూట బయల్దేరకండి. పొద్దున్నే వెళ్లిపోవాలి, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత. ఆపిన కారులో పిల్లలను రెండు నిమిషాలకైనా వదలొద్దు.

కనిగిరి అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఆ ప్రాంతంలో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. మన దేశంలో తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని పరిమితి ఉంటే, అక్కడి చాలా బోర్లలో అది దాటిపోతుంది. అయితే ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వచ్చే జబ్బు. వారం రోజులకు పిల్లల పళ్లకు, ఎముకలకు ఏమీ కాదు. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం మాత్రం తప్పు. నీరు ఆవిరై ఉన్న ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. అక్కడే ఉండే మీ అన్నదమ్ముల పిల్లలకు శుద్ధి చేసిన నీళ్లే తాగించమని చెప్పండి.

మీ పిల్లలకు ఆ వారంలో వచ్చే ముప్పు ఫ్లోరైడ్ నుంచి కాదు, క్రిముల నుంచి. క్యాన్ నీళ్లు తెచ్చినా దాన్ని బిందెలో పోసి, వచ్చినవాళ్లంతా గ్లాసుతో పాటు వేళ్లూ ముంచుతుంటే ఆ శుద్ధి అక్కడితో సరి. బాబుకు తాగే నీళ్లు బాగా తెర్లాక ఇంకో నిమిషం ఉంచి, చల్లార్చి, మూతున్న సీసాలో విడిగా పెట్టండి. పాలసీసా వాడకండి, గ్లాసు, చెంచా చాలు. సోడా బండి ఐసు, రంగుల ఐసుపుల్లలు పాపకు వద్దు. ఏ నీళ్లతో చేశారో తెలియదు. తాటి ముంజలు పెట్టొచ్చు, కళ్ల ముందు కొట్టించి, కడిగిన చేత్తో తీసి, బాబుకైతే మెత్తగా చిదిమి.

నెల్లూరులో ఆడపడుచు చేపల పులుసు పెట్టకుండా పంపరు. రెండో రోజుకే దాని రుచి అని మేమంతా నమ్ముతాం. ఆ రెండో రోజు రుచి పెద్దవాళ్లకు వదిలేసి, పిల్లలకు వండిన పూటే కారం కడిగి ముల్లు చూసి పెట్టండి. ముల్లు తీసే చెయ్యి, ముద్ద పెట్టే చెయ్యి ఒకరిదే ఉండాలి, ఒకరు ముల్లు తీస్తే ఇంకొకరు ముద్ద పెట్టడం వద్దు. ముల్లుకంటే నాకు ఎక్కువ భయం వేరుశనగ గుళ్లు. ఊళ్లో పలకరించడానికి వచ్చినవాళ్లు పిల్లాడి గుప్పిట్లో నాలుగు గుళ్లో చెగోడీయో పెడతారు. 14 నెలల బాబు నవ్వుతూనో పరిగెడుతూనో తింటే అది ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఏదైనా తింటూ హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరై దగ్గితే, తర్వాత దగ్గు తగ్గిపోయినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గింజ లోపలే ఉండి కొన్ని రోజుల తర్వాత న్యుమోనియాగా బయటపడొచ్చు.

పుట్టింట్లో అడుగుపెట్టగానే ఒక పని చేయండి. అమ్మానాన్నల షుగరు, బీపీ మాత్రలు ఎక్కడున్నాయో చూడండి. టీవీ పక్కన, దిండు కింద, ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. కొన్ని రకాల షుగరు మాత్రలు ఒక్కటి మింగినా పసిబిడ్డకు షుగరు పడిపోయి ఫిట్స్ రావచ్చు. అన్నీ కలిపి బీరువా మీదకు చేర్చండి. బాత్రూమ్ యాసిడ్ కూడా. నీళ్ల సంపు మూత, నిండిన బకెట్లు, తొట్లు గమనించండి. బాబుకు బకెట్‌లో జానెడు నీళ్లు చాలు ప్రమాదానికి.

చెప్పులు దులిపి వేయండి, రాత్రి పూట వసారాలో నేల మీద పడుకోబెట్టొద్దు. మన మెట్ట ప్రాంతంలో ఎర్రతేలు ఉంది. కుట్టిన తర్వాత పిల్లలకు చెమటలు పోసి, వాంతులై, కాళ్లూ చేతులూ చల్లబడితే విషం గుండె మీద పని చేస్తోందన్నమాట. దీనికి ప్రాజోసిన్ అనే మందు ఉంది. మంత్రం దగ్గర ఆగకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క కరిచినా, గీరినా సబ్బుతో ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టించాలి. పసుపు, కారం అద్దొద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ టీకా ఉచితం.

ముద్దులు పెట్టేవాళ్లను ఆపడం కోడళ్లకు కష్టమే. ‘డాక్టరు వద్దన్నారు’ అని నా మీద వేసేయండి. జలుబున్నవాళ్లు బాబును ఎత్తుకోవద్దు. రెండు వారాలకు మించి దగ్గుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మీరు వెళ్లేలోపే కఫం పరీక్ష చేయించమనండి, పసిపిల్లలకు క్షయ ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే వస్తుంది. దిష్టి చుక్క బుగ్గన పెట్టినా అరికాల్లో పెట్టినా నాకు అభ్యంతరం లేదు, కంట్లో కాటుక మాత్రం వద్దు.

మైపాడు బీచికో కొత్తపట్నం బీచికో తీసుకెళ్తారు, తప్పదు. అలల్లోకి దిగడం వద్దు, తడి ఇసుక చాలు.

మందుల సంచిలో అన్నిటికంటే ముందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఏదన్నది చదివి పూర్తిగా కలపండి, సగం సగం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా అలాంటి వాటి మీద ఆ పేరు వేయకూడదని ఆదేశించింది. విరేచనం అయిన ప్రతిసారీ బాబుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పాపకు 100 నుంచి 200 కొద్దికొద్దిగా పట్టండి. జింక్ సిరప్ మీ డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు వద్దు.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే చాలు, మీ సీసా మీరే పట్టుకెళ్లండి. ఎందుకంటే ఒకే పేరుతో మూడు బలాల్లో దొరుకుతుంది. పది కిలోల బిడ్డకు ఒక డోసు 150 మిల్లీగ్రాములు. అది 5 మిల్లీలీటర్లలో 120 ఉన్న సిరప్‌లో 6 మిల్లీలీటర్ల పైచిలుకు, 250 ఉన్నదాంట్లో 3 మిల్లీలీటర్లు, 1 మిల్లీలీటరులో 100 ఉన్న డ్రాప్స్‌లో ఒకటిన్నర మిల్లీలీటరు. మేనత్త ఇంట్లో దొరికిన డ్రాప్స్‌ను సిరప్ లెక్కన పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. పిల్లల బరువు తూయించి, ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీదే రాయించుకోండి. డోసుకూ డోసుకూ మధ్య ఆరు గంటలు ఉండనివ్వండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగింది తాగినట్టు కక్కుతున్నా, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, నిద్రలో లెక్కపెడితే నిమిషానికి 40కి పైగా ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. కనిగిరిలో ప్రభుత్వాసుపత్రి ఉంది, అక్కడ కుదరకపోతే ఒంగోలులోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి (రిమ్స్) పంపుతారు.

టీకా కార్డు ఫొటో మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఫ్లూ టీకా ఇంతకుముందు వేయించకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు ఇద్దరికీ పడ్డాయో లేదో అదే రోజు అడగండి.

చివరగా పాలు. ప్రయాణం కోసం మాన్పించొద్దు. ఎండల్లో, కొత్త నీళ్ల మధ్య, విరేచనాల భయం ఉన్న రోజుల్లో మాన్పించడానికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. విరేచనాలు పట్టుకున్నా పాలు ఆపకుండా ఇస్తూనే ఉండాలి. ఓడలో గది ఉంది, కారులో పలచటి చున్నీ చాలు, పాలిచ్చేటప్పుడు మాత్రం బండి పక్కకు ఆపించండి. మీరు కూడా మామూలు కంటే రెండు మూడు గ్లాసుల నీళ్లు ఎక్కువ తాగండి. మాన్పించాలనుకుంటే తిరిగొచ్చాక, వానలు పడి ఎండలు తగ్గాక చూద్దాం.