బండి కొనేముందు కిందకి దూరి చూడు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బొలెరో పికప్, 2012 మోడల్, మీటర్ మీద 2,84,000 కిలోమీటర్లు, అడుగుతున్నది మూడు లక్షల ఇరవై వేలు. పెయింట్ కొత్తది, సీటు కవర్లు కొత్తవి, అద్దం ముందు పూలదండ కూడా వేశారు, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు. "ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండి కొనొచ్చా మావయ్యా" అని అడిగావు. కొనొచ్చురా. టైముకి ఆయిల్ మార్చి జాగ్రత్తగా తోలిన బండ్లు మూడు లక్షలు దాటినవీ చూశాను, ఇష్టమొచ్చినట్టు తొక్కేస్తే లక్షన్నరకే ఇంజిన్ విప్పినవీ చూశాను. కాబట్టి ఆ అంకె చూసి భయపడకు. అమ్మేవాడిని ముందు అడగాల్సింది ఒకటుంది, ఈ బండి ఇన్నాళ్ళూ ఏం మోసింది అని.

ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. 2009లో నేను ఒక పికప్ కొన్నాను, అప్పటికి తొంభై వేలే తిరిగింది. మీటర్ చూసి మురిసిపోయి, మీ అత్త పుస్తెల గొలుసు కుదువ పెట్టి మరీ తెచ్చాను. అది మూడేళ్ళు సముద్రం ఒడ్డు నుంచి చేపల లోడు కొట్టిన బండి అని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చేపల ట్రేల్లో ఐసు కరిగి, ఆ ఉప్పునీళ్ళు రోజూ బాడీ బల్లల సందుల్లోంచి ఛాసిస్ మీద, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం మీద, కారుతుంటాయి, పైన ఎంత కడిగినా లోపల మూలల్లో నిలిచిపోతాయి. ఆరో నెలలో చిలకపాలెం నుంచి రాజాం వెళ్ళే రోడ్డులో, ధాన్యం లోడుతో ఒక గుంతలో దిగి ఎక్కానో లేదో వెనక టప్‌మంది. ఎనభై కేజీల బస్తాలు పదిహేనే, ఓవర్‌లోడ్ కూడా కాదు. దిగి చూస్తే కమాన్ కట్ట (కుదుపులు ఆపే ఇనుప పట్టీల స్ప్రింగ్) పట్టుకునే బ్రాకెట్ దగ్గర ఛాసిస్ చీలిపోయి ఉంది, వేలు పెట్టి నొక్కితే తడిసిన బిస్కెట్‌లా పొరలు పొరలుగా రాలింది. ఇంజిన్ మాత్రం గడియారంలా ఆడుతోంది! ఏం లాభం.

మీది కవిటి కాబట్టి ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి మోసిన బండి అయితే పర్వాలేదు, సముద్రం గాలి తగిలినా ఛాసిస్ అంత తొందరగా తినేయదు. చేపలో రొయ్యలో మోసిన బండి అయితే మాత్రం కిందకి దూరి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పో, మంచి ఇనుము టంగుమంటుంది, తుప్పు తిన్నచోట గొంతు మారి డబ్‌మంటుంది. కింద కూడా నల్ల పెయింట్ కొత్తగా కొట్టి ఉంటే అనుమానించాల్సిందే, ఎవడూ బండి పొట్టకి ముచ్చట కోసం రంగు వేయడు. అలాగే క్యాబిన్ పైకప్పు, తలుపు స్తంభాలు చెయ్యి పెట్టి తడిమి చూడు. 2018లో తిత్లీ తుఫానుకి మీవైపు కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో నీకు తెలియనిది కాదు, చెట్టు కింద నలిగి మళ్ళీ సాపు చేసిన క్యాబిన్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

ఇంజిన్ సంగతి. మనం వెళ్ళేసరికి వాడు స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచకూడదు, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటే సగం టెన్షన్ తీరినట్టే. పొగ చూడు: నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం, తెల్లపొగ వేడెక్కినా తగ్గకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూడాలి, ఎక్కువ నల్లపొగ అయితే డీజిల్ పంపో నాజిల్సో అనుకో. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయి. కాస్త ఆవిరి వస్తే ఏమీ కాదు, పొగగొట్టంలా గుప్పుగుప్పున కొడితే పిస్టన్ రింగులు అరిగిపోయాయి. దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఇంజిన్ విప్పితే అరవై వేలకి తక్కువ కాదు, అది రేటులో తగ్గించి మాట్లాడు.

మీటర్ నిజమో కాదో కూడా తేలదు, వెనక్కి తిప్పేవాళ్ళు ఉన్నారు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనబడుతుంటే, మీటర్ లక్ష చూపించినా నమ్మకు. నీ బండి 2,84,000 చూపిస్తోంది కాబట్టి తిప్పి ఉండరులే, తిప్పేవాడు ఇంత ఎక్కువ ఎందుకు ఉంచుతాడు! టైర్ల పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు బాగానే ఉన్నాయని మోసపోకు, ముసలి టైర్లు ఎండలో హైవే మీద పేలతాయి. నాలుగూ మార్చాలంటే పాతిక వేల పైమాటే.

కాగితాలు. మీకు ఒడిశా పక్కనే కాబట్టి అటు బండ్లు చవగ్గా వస్తాయి, పర్లాకిమిడి వైపు నుంచి తెచ్చి అమ్మేవాళ్ళుంటారు. ఆ ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం, చేతికి రాకుండా రూపాయి ఇవ్వొద్దు. మన రిజిస్ట్రేషనే అయితే ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉందేమో చూడు, ఉంటే అప్పు తీరిందని ఆ పేరు తీయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ రెండూ కావాలి. బండి నీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, పేరు మార్పు 30 రోజుల్లో పూర్తి చెయ్యి, ఇన్సూరెన్స్‌కి 14 రోజులే. చలాన్లు, ఫిట్‌నెస్ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూసుకో. ఎనిమిదేళ్ళు దాటిన గూడ్స్ బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ తప్పదు. పైగా 15 ఏళ్ళు నిండితే ఆ ఫీజులు కూడా బాగా ఎక్కువ, 2012 మోడల్‌కి అది ఎంతో దూరంలో లేదు. ఈ మాట బేరంలో వాడుకో. లైసెన్స్ గురించి కంగారు పడకు, కార్లు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉంటే 7,500 కేజీల లోపు గూడ్స్ బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఇక అసలు లెక్క. నీ దగ్గర రెండున్నర లక్షలున్నాయి, మిగతాది అప్పు అన్నావు. మొత్తం బండికే పోస్తే, మొదటి రిపేరుకి బండి షెడ్డులో, నువ్వు ఇంట్లో. కనీసం యాభై వేలు చేతిలో మిగలాలి. నీకు వారానికి నాలుగు ట్రిప్పులు, అవి కూడా కొబ్బరి సీజన్‌లోనే అంటున్నావు, డీజిల్ వంద దరిదాపుల్లో ఉంది, ఖాళీగా తిరిగి వచ్చే ట్రిప్పు కూడా నీ ఖాతాలోదే. ఆ నాలుగు ట్రిప్పులకి నెలనెలా వాయిదా కట్టాలంటే కష్టం, అందుకే అప్పు లేకుండా వస్తేనే కొను. నేనైతే బాగా కింద నుంచి బేరం మొదలెట్టి, రెండు లక్షలు దాటితే చెప్పులేసుకుని వచ్చేస్తాను. "రేపు ఇంకెవడో వస్తాడు" అంటాడు, రానీ. పాత బొలెరోలకి మనవైపు కరువు లేదు. మా అక్కకి ఈ అంకెలు ఇప్పుడే చెప్పకు, రాత్రంతా నిద్రపోదు.

ఆదివారం పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి సోంపేటలో దిగుతాను, బైక్ తీసుకుని స్టేషన్‌కి రా. మనం వచ్చే టైము అమ్మేవాడికి చెప్పకు, చల్లటి ఇంజిన్ కావాలి కదా. ఒక చిన్న సుత్తి, టార్చిలైటు, పాత గోనెసంచి తెచ్చుకో. నా నడుము వంగదు, కింద పడుకుని చూడాల్సింది నువ్వే.

మీ మావయ్య