జబొటికాబా ఆరేళ్లయినా పూయలేదా? అప్పుడే కొట్టేయకండి

గింజ నాటి ఆరేళ్లు దాటినా పూత రాలేదని, లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని, కొట్టేసి వేరే చెట్టు వేయాలా అని అడిగారు. కొట్టేయకండి. మానుకే ద్రాక్షల్లాంటి పండ్లు కాసే ఈ బ్రెజిల్ చెట్టు నింపాదిగా పెరిగే రకం. సబరా లాంటి నల్ల రకాలు గింజ నుంచి పెరిగితే కాపుకు రావడానికి 8 నుంచి 15 ఏళ్లు పట్టవచ్చు. అంత ఓపిక లేకపోతే పక్కన ఒక ఎర్ర జబొటికాబా వేసుకోండి, అది 3, 4 ఏళ్లలోనే కాస్తుంది. రుచిలో మాత్రం నా ఓటు నల్లదానికే.

అసలు చూడాల్సింది ఆకులను. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం మాత్రం పసుపైతే అది సాధారణంగా ఇనుము లోపం. నేలలో ఇనుము ఉన్నా, క్షారగుణం ఎక్కువైతే వేళ్లు దాన్ని తీసుకోలేవు. ఈ చెట్టుకు నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయి. నా చెట్టుకూ ఇదే జబ్బు వచ్చింది. ఉప్పు నీళ్లు మానేసి, పట్టి ఉంచిన వాన నీళ్లు పోస్తూ, క్షార నేలలోనూ పనిచేసే ఈడీడీహెచ్ఏ రకం ఇనుము చిలేటు (వేళ్లు తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) చెట్టు మొదలు దగ్గర వేశాను. పసుపెక్కిన పాత ఆకులు అలాగే ఉండిపోయాయి గానీ కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. పూత కోసం ఎరువులు కుమ్మరించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. దీనికి ఆకలి కన్నా దాహం ఎక్కువ. వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి మొదలు చుట్టూ తవ్వకుండా ఎండుటాకులు మందంగా పరచండి, మానుకు మాత్రం తగలనివ్వకండి. బెరడు పొరలుగా ఊడుతుంటే కంగారుపడకండి, అది దాని స్వభావం.

పూసిన రోజు మీకే తెలుస్తుంది. మానంతా తెల్లటి పూలు, సుమారు నెల తిరిగేసరికి ద్రాక్షలు తెచ్చి బెరడుకు అతికించినట్టు నల్లటి పండ్లు! నల్లబడగానే కోయకండి, వేలితో నొక్కితే కాస్త మెత్తగా తగలాలి. తొక్క వగరు, అందుకే నేను పండును పెదాల మధ్య నొక్కి గుజ్జు మాత్రం లాగేసుకుంటాను. కోసిన 3, 4 రోజులకే పులుస్తుంది, దుకాణాల్లో అరుదుగా కనిపించేది అందుకే. మిగిలినవి ఆ పూటే జాముకు పెట్టేయండి, అక్కడ ఆ తొక్కే రంగునిస్తుంది. గింజలు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే తడి ఆరనివ్వకండి. ఎండితే మొలకెత్తవు.