ఐదున్నరేళ్ల సరుకుకు నెలనెలా వడ్డీ

కావలి పాఠకురాలొకరు బ్రిటిషు కాలపు అచ్చు పటాలను (మ్యాపులను) కొని, వాటి మీద తూనీగలను, ఆరుద్ర పురుగులను, పులికాట్ ఫ్లెమింగోలను ప్రాణమున్నట్లే చిత్రించి అమ్ముతున్నారు. చెన్నై వర్తకుడొకరు 200 పటాలను కలిపి 4 లక్షల రూపాయలకు ఇస్తానంటున్నారని, అందుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయవచ్చా అని అడిగారు. ఖర్చులు పోను నిరుడు ఆమెకు మిగిలింది 2,64,000 రూపాయలు. ఇంటి ఖర్చు నెలకు 18,000. బ్యాంకులో 40,000 ఉన్నాయి. తండ్రి, కూతురు ఆమె సంపాదన మీదే ఆధారపడి ఉన్నారు. ఆరోగ్య బీమా లేదు.

అమ్మా, ఈ అప్పు చేయవద్దు. మీరు పంపిన ఫోటోలో పటం మీద వాలిన తూనీగను, దాని కాళ్ల కింది నీడతో సహా చూసి, చేత్తో తోలబోయిన వాణ్ణి నేను. కనుక నా అభ్యంతరం మీ పనితనం మీద కాదు. నెలకు మూడు బొమ్మలకు మించి పూర్తి కావని మీరే రాశారు. ఆ లెక్కన 200 పటాలకు ఐదున్నరేళ్లు పడుతుంది. వడ్డీ ఒక్కటే నెలకు 8,000 కాగా, ఇంటి ఖర్చు పోను మీకు సగటున మిగిలేది 4,000. మే నెలలో వచ్చిన 46,000 చూసి అదే నెలసరి ఆదాయమనుకోవడం, ఒక్క పట్టుబడి బాగా రాగానే మరో రెండు చెరువులు కౌలుకు తీసుకునే మన రొయ్యల రైతులు చేసే పొరపాటే. ఇలా మునిగినవారిని చూసీ చూసీ నాకు ఓపిక నశించింది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన జిల్లాల్లో వానలు, తుపానులు; అమ్మకాలు లేని ఆ నెలల్లోనే పాత కాగితం తేమ పీల్చి గోధుమరంగు మచ్చలు తేలుతుంది. అంటే రాబడి ఆగేదీ, సరుకు పాడయ్యేదీ ఒకేసారి. అందుకే జీతగాళ్లకు ఆరు నెలల అత్యవసర నిధి చాలునని చెప్పే నేను, మీకు తొమ్మిది నెలల ఖర్చు, అంటే 1,62,000 రూపాయలు ఉండాలంటాను. మిగిలే నాలుగు వేలలోంచి ముందు బీమా ప్రీమియం, ఆ తర్వాత ఈ నిధి. మంచి నెలల్లో అదనంగా వచ్చిందంతా కూడా దీనికే. తండ్రిగారికి విడిగా, మీకూ పాపకూ కలిపి మరొకటిగా పాలసీలు తీసుకోండి. ఒకే పాలసీలో చేరిస్తే ఆయన వయసును బట్టి అందరి ప్రీమియమూ పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు.

ముద్రా రుణం, బంగారు రుణం గురించి కూడా అడిగారు: వాటితో వడ్డీ తగ్గుతుంది గానీ ఐదున్నరేళ్లు తగ్గవు. పటాలను ఇప్పటిలాగే మూడేసి చొప్పున, అమ్మిన డబ్బుతోనే కొనండి.

విదేశాలకు పంపితే రెట్టింపు ధర వస్తుందన్న ఆశతోనే మీరు ఈ లెక్క వేసుకున్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పటం మీద కొత్తగా తూనీగను గీసినంత మాత్రాన దాని వయసు తగ్గదు కనుక, ఒక్కటైనా పంపే ముందు పురావస్తు శాఖను రాతపూర్వకంగా అడగండి.