అమెరికా మెయిల్ కోసం రాత్రుళ్లు మేలుకునే పాపకు

"మేడమ్, నాకు 26 ఏళ్లు, మాది తిరుపతి, ఎంఏ పొలిటికల్ సైన్స్ చేసినా. అమెరికాలో తొమ్మిది యూనివర్సిటీలకి పీహెచ్‌డీకి అప్లై చేసినా, మా జిల్లాలో మహిళా సర్పంచ్‌ల మీద పని చేస్తా అని. ఫీజులు, జీఆర్ఈ, టోఫెల్ పరీక్షలు అన్నీ కలిపి లక్ష దాటింది, అది అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు. మూడు రిజెక్ట్ అయినాయి, ఒకటి వెయిట్‌లిస్ట్, మిగతా ఐదు చోట్ల నుంచి ఏ కబురూ లేదు. ఇంట్లో మాత్రం ఇంకా ఏమీ రాలేదనే చెప్తా ఉన్నా. నాన్న ఆర్టీసీ డ్రైవరు, కొండకి బస్సు నడుపుతాడు. పలమనేరు నుంచి ఒక సంబంధం వస్తే మార్చి అయిపోనీండి చెప్తాం అన్నాడు. రాత్రి మూడింటిదాకా పోర్టల్ చూస్తా కూర్చుంటా, నాన్న డ్యూటీ దిగి వచ్చిన చప్పుడు వింటే ఫోన్ దిండు కింద పెట్టేసి నిద్రపోయినట్టు పడుకుంటా. నాతో చదివిన ఫ్రెండ్‌కి అడ్మిట్ వచ్చింది, ఆమె ఫోన్ ఎత్తలేకపోతున్నా. పిచ్చిపట్టేట్టుంది. ఏం చెయ్యాలి?"

పాపా, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. మెయిల్ రాలేదన్న బాధ ఒకెత్తు అయితే ఆ దిండు కింద ఫోన్ ఒకెత్తు, నాకైతే రెండోదే బరువుగా కనిపిస్తా ఉంది. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం, ముందు మెయిళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే సగం భయం అక్కడ ఏం జరుగుతా ఉందో తెలియక వచ్చే భయం.

డిసెంబర్‌లో అప్లికేషన్లు వేసినాక ఆ డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లే నలుగురైదుగురు కమిటీగా కూర్చుని ఫైళ్లన్నీ చదువుతారు. మొదట తీసుకునేవాళ్లకి ఫిబ్రవరిలో, మార్చి మొదట్లో చెప్తారు, వద్దనుకున్నవాళ్లకి చాలా చోట్ల ఆలస్యంగా చెప్తారు. అందుకని నీకు నిజం చెప్పాలి, మార్చి సగం దాటినా నోరు విప్పని డిపార్ట్‌మెంట్లలో చాలావాటి నుంచి నీకు కాదనే వస్తుంది. కఠినంగా ఉందని నాకు తెలుసు, కానీ ఐదు చోట్లా ఆశ పెట్టుకుని రాత్రంతా కూర్చునేదానికన్నా నీ ఆశ ఎక్కడ పెట్టుకోవాలో తెలిస్తే మేలు కదా. అది ఆ వెయిట్‌లిస్ట్ మీద పెట్టుకో.

వెయిట్‌లిస్ట్ అంటే మర్యాదగా కాదన్నట్టు అని ఎవరైనా చెప్పుంటే నమ్మొద్దు. అక్కడ కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అని ఒక సంఘం ఉంది, ఫండింగ్‌తో సీటు ఇచ్చిన పిల్లోళ్లని ఏప్రిల్ 15 లోపల జవాబు చెప్పమని బలవంతం చెయ్యకూడదు అని చాలా యూనివర్సిటీలు దాంతో ఒప్పుకుని సంతకం పెట్టి ఉన్నాయి. కాబట్టి మూడు నాలుగు సీట్లు చేతిలో ఉన్నవాళ్లు అన్నీ పట్టుకునే కూర్చుంటారు, మార్చిలో డిపార్ట్‌మెంట్లు పిలిస్తే పోయి క్యాంపస్ చూసి ప్రొఫెసర్లతో మాట్లాడి వస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కటీ వదుల్తారు, వాళ్లు వదిలిన సీటే నీదాకా వచ్చేది. అంటే ఎక్కువ కదలిక ఏప్రిల్ మొదట్నుంచి 15 దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా. మీ నాన్న పెట్టిన "మార్చి అయిపోనీండి" అనే గడువుకీ ఆ లెక్కకీ పొంతనే లేదు చూడు, ఆయన తప్పు కాదులే, ఆయనకి ఎవరు చెప్పినారని.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. ఆ డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం చూసే కోఆర్డినేటర్‌కి ఒకే ఒక్క మెయిల్ రాయి, ఆరేడు లైన్లు చాలు. నాకు ఇంకా ఆసక్తి ఉంది, లిస్టులో వరస నంబర్లు ఉంటాయా, ఎప్పటికి తెలిసే అవకాశం ఉంది అని అడుగు, అప్లై చేసినాక ఏదైనా పేపర్ పూర్తి చేసుంటే అది కూడా చెప్పు. సీటిస్తే తప్పకుండా చేరతా అనే మాట మాత్రం నిజంగా చేరేటట్టయితేనే రాయి, వాళ్లు ఆ మాటని లెక్కలోకి తీసుకుంటారు. తర్వాత వారం వారం గుర్తు చెయ్యొద్దు.

ఇంక రాత్రిళ్లు. ఈస్ట్ కోస్ట్‌లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు అంటే మనకి రాత్రి ఏడున్నర నుంచి తెల్లారుజామున మూడున్నర, మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకి జరిపినాక ఆరున్నర నుంచి రెండున్నర. నువ్వు మూడింటిదాకా ఎందుకు కూర్చుంటావో నాకు అర్థమవుతుంది, కానీ రాత్రి ఒంటిగంటకి చదివినా పొద్దున ఆరింటికి చదివినా అందులో అక్షరం మారదు, జవాబు చెప్పడానికి టైమ్ ఎట్లా అయినా ఇస్తారు. మన ఊరిదానివి కాబట్టి ఇట్లా చెప్తా, వైకుంఠం క్యూలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నప్పుడు గేటు కాడికి పోయి ఎన్నిసార్లు తొంగి చూసినా ముందుగా తియ్యరు, అలవాటున్నోళ్లు కాళ్లు చాపుకుని పిల్లోళ్లని పడుకోబెట్టుకుని, పాలిస్తే తాగి, సాంబారన్నం పెడితే తిని, ఒక కునుకు తీస్తారు, గేటు తీసినప్పుడు అందరూ లేస్తారు కదా, నువ్వు నిద్రపోయినా పక్కావిడ లేపుతుంది. పది గంటలకి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టేసి పడుకో. మొదటి మూడు రాత్రులు కష్టంగా ఉంటుంది. రెండు వారాలైనా నిద్ర పట్టకుండా, అన్నం సయించకుండా ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి పోవాలి, సిగ్గుపడొద్దు.

ఆ మూడు రిజెక్షన్ల గురించి కూడా ఒక మాట. నువ్వు మీ జిల్లాలో మహిళా సర్పంచ్‌ల మీద పని చేస్తా అని రాసినావు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇచ్చింది, మన రాష్ట్రంలో అది తర్వాత సగానికి పెరిగింది, అయినా చాలా ఊళ్లలో ఆమె సంతకం పెడితే ఆమె మొగుడు పెత్తనం చేస్తా ఉంటాడు, నేనే ఒక ఊర్లో ఆమె కుర్చీలో ఆయన కూర్చోవడం కళ్లారా చూసినా, ఆమె తలుపు పక్కన నిలబడి ఉన్నింది. ఇది చదవాల్సిన విషయం, మన ఇళ్ల విషయం. కానీ అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ ఏడాదికి తీసుకునేదే పదీ పదిహేను మందిని అనుకో, దాంట్లో అమెరికా రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, రాజకీయ సిద్ధాంతం అన్నీ పోను మన దేశం మీద పని చేసేవాళ్లకి మిగిలేది ఎంత? ఆ విషయం తెలిసిన ప్రొఫెసర్ ఒక్కరే ఉండి, ఆమె ఆ ఏడాది సెలవులో ఉన్నా, చేతినిండా స్టూడెంట్లు ఉన్నా, నీ ఫైల్ పక్కకి పోతుంది. దానికి తోడు 2025 నుంచి అక్కడ ప్రభుత్వం రీసెర్చ్ డబ్బులు కోసేసరికి పెద్ద పెద్ద యూనివర్సిటీలే పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి. నీ తెలివికి మార్కులేసి ఫెయిల్ చేసినట్టు చదువుకోవద్దు ఆ మెయిళ్లని.

ఒక హెచ్చరిక, ఇది గట్టిగా చెప్తా ఉన్నా. పీహెచ్‌డీ ఇవ్వలేం కానీ డబ్బు కట్టి మాస్టర్స్‌లో చేరండి అని కొన్ని చోట్ల నుంచి మెయిల్ వస్తుంది, అడ్మిట్ అనే పదం చూసి పొంగిపోవద్దు. పీహెచ్‌డీ సీటే వచ్చినా ట్యూషన్ మాఫీ, నెల నెలా స్టైపెండ్ ఎన్నేళ్లకి అనేది కాగితం మీద లేకపోతే ఒప్పుకోవద్దు. మీ నాన్న నీ మీద ప్రేమతో ఇల్లు కుదువ పెడతానంటాడు, అట్లాంటి తండ్రులని నేను చూసినా, ఆ మాట ఆయన నోట్లోంచి రాకముందే నువ్వే వద్దని చెప్పాలి.

చేతిలో ఇంకో దారి కూడా పెట్టుకో. యూజీసీ నెట్ అని లెక్చరర్ ఉద్యోగాలకి, రీసెర్చ్‌కి పెట్టే పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, జూన్‌ది రాయి. దాంట్లో జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఇంటద్దె భత్యం వేరే. జేఆర్ఎఫ్ తప్పినా నెట్ మార్కులు ఇప్పుడు పీహెచ్‌డీ అడ్మిషన్లకి పనికొస్తాయి, 70 శాతం వాటికి, 30 శాతం ఇంటర్వ్యూకి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, మన ఎస్వీ యూనివర్సిటీ ఇంటి పక్కనే ఉంది, నీ సర్పంచ్‌లు ఇక్కడే ఉన్నారు. ఈలోపల వారానికి ఒక ఊరికి పోయి ఒకామెతో మాట్లాడి రాసిపెట్టుకో, ఎక్కడ చేరినా అది నీదే, వచ్చే డిసెంబర్‌లో మళ్లీ అప్లై చేసినా పోయినసారికన్నా గట్టి ఫైల్ అవుతుంది.

ఫ్రెండ్‌కి ఫోన్ చెయ్యలేకపోతే మెసేజ్ పెట్టు. నాకు సంతోషంగా ఉంది, కానీ ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేను, నెల తర్వాత చేస్తా అని ఉన్నదున్నట్టు రాయి. అసూయ వచ్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, ఎవరికైనా వస్తుంది. ఆమె నీ ఫోన్ కోసం ఎదురు చూస్తా ఉంటుందేమో కూడా.

ఇప్పుడు ఇంటి సంగతి. పాపా, రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపూ చూసుకుని బస్సు దించే మనిషి, ఇంటి కిటికీలో ఇంతకుముందే ఆరిన లైటు చూడలేదనుకుంటా ఉన్నావా? ఆయనకి ఏదో జరిగిందని తెలుసు, ఏం జరిగిందో తెలీదు, అడిగితే నువ్వు బాధపడతావని అడగడం లేదు. ఆయన ఒకవైపు, నువ్వు ఒకవైపు ఒకే గోడకి ఆనుకుని మేలుకుని ఉండారు. అమ్మ చీటీ డబ్బు పోయిందన్న అపరాధం నీకుంది, కానీ ఆమె ఆ డబ్బు ఇచ్చింది నువ్వు ప్రయత్నం చెయ్యడానికి, నువ్వు చేసినావు.

సంబంధం గురించి నేను చెప్పేది ఒకటే, మెయిల్ వస్తే చదువు, రాకపోతే పెళ్లి అనే పందెం కట్టొద్దు. ఆ అబ్బాయి నీకు నచ్చితే, నువ్వు చదువుకోవడం అతనికి ఇష్టమైతే, సీటు వచ్చినా మాట్లాడొచ్చు, నచ్చకపోతే సీటు రాకపోయినా వద్దనొచ్చు. పలమనేరు వాళ్లకి మీ నాన్న ఒక ఫోన్ చేసి, పాప చదువు సంగతి ఏప్రిల్ 15 దాటితే గానీ తేలదంట, ఆగలేమంటే మీ ఇష్టం అని చెప్తే మర్యాదగానే ఉంటుంది, ఆగేవాళ్లు ఆగుతారు.

నాన్నకి వీక్లీ ఆఫ్ ఎప్పుడో చూసుకో. ఆ పొద్దున కాఫీ తాగేటప్పుడు, అమ్మ కూడా పక్కన ఉన్నప్పుడు, ఫోన్ తీసి ఆ మూడు మెయిళ్లూ చూపించు, ఇంగ్లీషులో ఏం రాసిందో తెలుగులో చదివి చెప్పు. తర్వాత నాలుగోది, వెయిట్‌లిస్ట్‌ది కూడా చదువు. ఏడుపొస్తే ఏడువు, వాళ్ల ముందరే.